ఈగలపెంట ఘాట్‌లో బ్రేక్ ఆయిల్

మే నెల వచ్చిందంటే నాకు ఒకటే ప్రశ్న. అచ్చంపేటలో బండి నీడన నిలబడి ఉంటాను. ఎవరో ఒకరు వచ్చి, తలకు చుట్టిన తువ్వాల విప్పి మొహం తుడుచుకుంటూ, "అన్నా, గీ ఎండలకు శ్రీశైలం ఘాట్ దిగొచ్చునా? బ్రేక్ ఆయిల్ మసులుతదంట గదా" అంటారు. పోయినేడు ఒకాయన రాత్రి చల్లబడ్డాక పోదామన్నాడు. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 గంటలకు గేటు వేస్తారు, మళ్లీ తీసేది పొద్దున 6 గంటలకే అని చెబితే ఆయన ప్లాను అక్కడే ఆగిపోయింది.

ఎండకు భయపడటం తప్పు కాదు. నల్గొండలో, మిర్యాలగూడలో, ఇటు పాలమూరులో మే నెలలో 44, 45 డిగ్రీలంటే మాకు వార్తేం కాదు. బానెట్ మీద చెయ్యి పెట్టలేం. కానీ బ్రేక్ ఆయిల్ లెక్క వేరు. డబ్బా మీద డాట్ 3 అని ఉంటే, కొత్తగా ఉన్నప్పుడు అది కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. డాట్ 4 అయితే 230. డాట్ అంటే అమెరికా రవాణా శాఖ పేరును కుదించిన అక్షరాలు. వాళ్లు పెట్టిన కొలతలే మన దగ్గర అమ్మే డబ్బాల మీదా కనిపిస్తాయి. ఆ 230 ముందు మన 45 ఎంత? డిసెంబరులో 20 డిగ్రీల పొద్దున ఘాట్ దిగినా, మేలో 45 డిగ్రీల మిట్టమధ్యాహ్నం దిగినా, చక్రాల దగ్గర తేడా సుమారుగా ఆ పాతిక డిగ్రీలే. మిగతా వేడంతా మన కాలు పుట్టించేది.

నా బండికి బ్రేకు పోయింది కూడా ఎండాకాలంలో కాదు. కార్తీకంలో, చలి మొదలయ్యాక.

2019 నవంబరు. సోమవారం దర్శనం కోసం ఆదివారమే బయల్దేరాం. కల్వకుర్తి దిక్కు ఒక ఊరి కుటుంబం. పెద్దవాళ్లు ఆరుగురు, పిల్లలు ఇద్దరు, పైన క్యారియర్ మీద వంట సామాను, బియ్యం మూట. ముందు సీట్లో డెబ్బై ఏళ్ల పెద్దమ్మ, ఒళ్లో కొబ్బరికాయల సంచి. వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట అన్నీ మామూలుగా దాటాం. అక్కడి నుంచి కృష్ణ దాకా దిగుడు. కార్తీకం రద్దీ తెలిసిందే, బండి వెనక బండి. నా ముందు ఆర్టీసీ బస్సు. రెండో గేర్లో దిగాల్సిన చోట నేను మూడో గేర్లో ఉండి, బస్సు నెమ్మదించినప్పుడల్లా బ్రేకు నొక్కుతూ దిగాను. పదిహేడేళ్లు ఆర్మీలో బండి నడిపిన మనిషిని, ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే.

డ్యామ్ కనిపించే మలుపు దగ్గర పిల్లలు ఫోటో అన్నారు. పక్కకు ఆపాను. చక్రాల దగ్గర కాలిన వాసన. ప్యాడ్లు వేడెక్కాయిలే, పది నిమిషాలు ఆగితే చల్లబడతాయి అనుకున్నాను. ఆపేదాకా బ్రేకు బాగానే పట్టింది మరి. అందరూ ఎక్కారు, కదిలాం. యాభై గజాలు పోయి, మలుపుకు ముందు కాలు వేస్తే పెడల్ మెత్తగా, నానిన అటుకుల మీద కాలేసినట్టు, కింద మ్యాటు దాకా పోయింది.

కొత్తగా కదిలిన బండి కాబట్టి స్పీడు లేదు. అదే మమ్మల్ని కాపాడింది. మొదటి గేరు వేసి, పెడల్‌ను గబగబా నాలుగైదుసార్లు కొట్టి, హ్యాండ్ బ్రేకు కొద్దికొద్దిగా లాగుతూ కొండవైపు గట్టుకు ఆనించాను. హ్యాండ్ బ్రేకుకు ఆయిల్‌తో పని లేదు, అది తీగ మీద నడుస్తుంది. వెనక కూర్చున్నవాళ్లకు ఏం జరిగిందో తెలియలేదు. పెద్దమ్మ మాత్రం నా కాలినే చూస్తోంది.

"ఏమైంది బిడ్డా, గట్ల తొక్కుతున్నవ్?"

"ఏం లేదు పెద్దమ్మా, బండి జర వేడైంది."

ముప్పావు గంట ఆగాం. తర్వాత కాలు పెట్టి చూస్తే పెడల్ రాయిలా గట్టిగా ఉంది! అందరినీ వేరే జీపులో పంపించి, ఒక్కణ్నే మొదటి గేర్లో పాకుతూ వంతెన దాటి సున్నిపెంట ఎక్కాను. అక్కడి మెకానిక్ నాలుగు చక్రాలూ చూసి "ఎక్కడా లీక్ లేదు, బ్రేకు మంచిగనే ఉంది, ఊరికే టెన్షన్ పడుతున్నారు" అన్నాడు. ఆయన చూసినప్పుడు నిజంగానే బాగుంది. ఈ జబ్బు అంతే, డాక్టర్ దగ్గరికి పోయేసరికి జ్వరం ఉండదు.

జరిగింది ఏమిటంటే, ఆయిల్ మసిలింది. నీళ్లు నింపిన సిరంజీ మూతి వేలితో మూసి నొక్కండి, కదలదు. లోపల గాలి బుడగ ఒకటి ఉంటే ఎంత దూరమైనా పోతుంది. బ్రేక్ లైన్లోనూ అంతే. ద్రవం నలగదు కాబట్టే కాలి బలం చక్రం దాకా పోతుంది. ద్రవం మసిలి ఆవిరి పుడితే మన బలమంతా ఆ బుడగను నలపడానికే సరిపోతుంది. చల్లబడితే ఆవిరి మళ్లీ ద్రవమవుతుంది, పెడల్ తిరిగొస్తుంది, మెకానిక్‌కు ఏమీ కనబడదు.

మరి దిగుతున్నంతసేపూ పట్టిన బ్రేకు ఆగి బయల్దేరాకే ఎందుకు పోయింది? ఇది నాకు చాలా రోజులు అర్థం కాలేదు. బండి నడుస్తున్నప్పుడు గాలి తగిలి డిస్కు కొంత చల్లబడుతూ ఉంటుంది. ఆపగానే ఆ గాలి ఆగిపోతుంది. డిస్కులో ఉన్న వేడంతా ప్యాడ్ల మీదుగా, వాటిని డిస్కుకు నొక్కే కాలిపర్‌లోకి, అందులోని ఆయిల్‌లోకి పాకుతుంది. పైగా బ్రేకు నొక్కినప్పుడు లైన్లో ఒత్తిడి ఉంటుంది, ఒత్తిడిలో ఉన్నది తేలిగ్గా మరగదు, కుక్కర్లో నీళ్లలాగా. కాలు తీశామంటే ఆ ఒత్తిడి పోతుంది. అంటే ఫోటోల కోసం కాలు తీసి ఆగిన ఆ పది నిమిషాలే పొయ్యి మీద పెట్టిన పది నిమిషాలు. అందుకే ఇప్పుడు ఘాట్ దిగి వేడి మీద ఆపితే, కదలబోయే ముందు నిలబడిన చోటే రెండుసార్లు పెడల్ నొక్కి చూస్తాను. ప్యాడ్లే బాగా వేడెక్కితే ఇంకోలా ఉంటుంది, పెడల్ గట్టిగానే ఉంటుంది కానీ బండి ఆగదు. మెత్తబడితే మాత్రం ఆయిల్ సంగతే.

అచ్చంపేటకు వచ్చాక మా షెడ్డు మెకానిక్ ఉస్తాద్ ఆయిల్ తీసి ప్లాస్టిక్ సీసాలో పట్టాడు. కొత్తది పల్చటి తేనె రంగులో ఉంటుంది. ఇది డికాక్షన్ లాగా ఉంది. "ఎప్పుడు మార్చినవ్?" అన్నాడు. బండి కొని నాలుగేళ్లు. మార్చనే లేదు. లెవెల్ తగ్గినప్పుడల్లా, మూత వదులైన పాత డబ్బాలోంచి కాస్త పోసుకుంటూ వచ్చానంతే.

ఇక్కడే అసలు విషయం. మన బండ్లలో పోసే డాట్ 3, డాట్ 4 రెండూ గ్లైకాల్ అనే రసాయనం జాతివి. పేరుకు ఆయిల్ అంటాం కానీ నూనె కాదు. వానాకాలంలో డబ్బాలో ఉప్పు చెమ్మగిల్లినట్టు, ఇవి గాలిలోని తేమను లాక్కుంటాయి. రబ్బరు గొట్టాల గుండా, ఆయిల్ పోసే గిన్నె అంటే రిజర్వాయర్ మూత సందుల గుండా నెమ్మదిగా చేరుతుంది. పరీక్షల్లో సుమారు 3.7 శాతం నీరు చేరిన ఆయిల్‌ను తడి ఆయిల్‌గా లెక్కిస్తారు. అప్పుడు డాట్ 3 నిలవాల్సింది 140 డిగ్రీలకే, డాట్ 4 నిలవాల్సింది 155కే. అర లీటరు ఆయిల్‌లో 3.7 శాతం అంటే నాలుగు చెంచాల నీళ్లు కూడా కాదు. ఆ చెంచాలే డాట్ 4 బలంలో 75 డిగ్రీలు తినేస్తాయి. మన ఎండాకాలానికీ చలికాలానికీ మధ్య తేడా పాతిక అన్నాను కదా, దానికి మూడింతలు.

కాబట్టి నా ఆయిల్‌ను చెడగొట్టింది నాలుగు వానాకాలాలు. కార్తీకం దిగుడు దాన్ని బయటపెట్టిందంతే. అంతకుముందు ఏప్రిల్‌లో సలేశ్వరం జాతరకు ఇదే బండిని మండే ఎండలో ఫరహాబాద్ నుంచి అడవి దారిన రోజుకు రెండు ట్రిప్పులు తిప్పాను, ఏమీ కాలేదు. అక్కడ దారే అలాంటిది, స్పీడు ఉండదు, బ్రేకు వేడెక్కే పని లేదు. డిండి రోడ్డు మీద, దేవరకొండ రోడ్డు మీద కూడా అంతే. చదునైన రోడ్లలో పదేళ్ల ఆయిల్‌తోనూ బండి బాగానే ఆగుతుంది. మనవాళ్లు ఇంజన్ ఆయిల్ టైముకు మార్చి, బ్రేక్ ఆయిల్ ఊసే ఎత్తకపోవడానికి కారణం అదే అనుకుంటాను.

మా అమ్మాయి అప్పుడు ఇంటర్ ఎంపీసీ. ఈ కథ చెబితే నోటు పుస్తకం తీసి లెక్క వేసింది. రెండు టన్నుల బండి వంద మీటర్ల ఎత్తు దిగితే వచ్చే శక్తి దాదాపు 20 లక్షల జౌళ్లు. అదంతా వేడిగా మారితే 30 డిగ్రీల దగ్గరున్న ఆరేడు లీటర్ల నీళ్లను మరిగే దాకా తీసుకురావచ్చు. "తక్కువ గేరు వేసి ఇంజనే బండిని పట్టి ఉంచేలా, అంటే ఇంజన్ బ్రేకింగ్ వాడకపోతే ఇది దాదాపు మొత్తం డిస్కుల మీదే పడుతుంది నాన్నా. నువ్వు మూడో గేర్లో ఎందుకు దిగావు?" అంది. దానికి జవాబు నా దగ్గర లేదు.

నిజానికి నాకు ఇది కొత్త పాఠం కావలసింది కాదు. బెంగళూరులో ఏఎస్‌సీ (ఆర్మీ సర్వీస్ కోర్) ట్రైనింగ్‌లో చెప్పారు, తర్వాత లద్దాఖ్‌లో చేతులు కొంకర్లు పోతుండగా నేర్చుకున్నాను. ద్రాస్‌లో చలికాలం మైనస్ 20 దాటడం మామూలే. పొద్దున జిప్సీ తీస్తే బ్రేక్ పెడల్ బరువుగా ఉండేది, కాలు తీసినా సోమరిగా వెనక్కి వచ్చేది. మొదటి కిలోమీటరు మెల్లగా పోతూ, ఊరికే రెండు మూడుసార్లు బ్రేకు తగిలించి, ఆ తర్వాతే కాన్వాయ్‌లో కలవాలని మా ఆర్మీ ఉస్తాద్ ఆర్డర్.

చలిలో సమస్య మరగడం కాదు, చిక్కబడటం. చలికాలం పొద్దున సీసాలో ఆముదం ఎలా కదులుతుందో తెలుసు కదా. అందుకే ప్రమాణాల్లో మరిగే వేడితో పాటు మైనస్ 40 దగ్గర చిక్కదనం కూడా కొలుస్తారు. సెంటీస్టోక్ అనే కొలతలో డాట్ 3కి హద్దు 1500, డాట్ 4కి 1800, డాట్ 5.1కి 900. అంకె తక్కువైతే పల్చన. డాట్ 4 వేడికి డాట్ 3 కన్నా గట్టిది కానీ చలికి ఇంకొంచెం చిక్కబడొచ్చు. ఏబీఎస్, అంటే చక్రాలు పట్టేసి జారకుండా బ్రేకును పట్టి వదిలే ఏర్పాటు, ఉన్న బండ్లలో ఇది ఇంకా ముఖ్యం. సెకనులో చాలాసార్లు సన్నటి కన్నాల గుండా ఆయిల్ పోయి రావాలి, చిక్కటి ఆయిల్ అంత చురుగ్గా కదలదు. మనకు నల్లమలలో ఆ బాధ లేదు. డిసెంబరులో మన్ననూరు పొద్దున్న ఎంత వణికించినా అది ఆయిల్‌కు చలే కాదు.

లద్దాఖ్‌లోనే ఇంకో సంగతి. లేహ్ ఎత్తులో నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మసులుతాయి. కుక్కర్ లేకుండా పప్పు పెడితే సాయంత్రం దాకా అలాగే ఉంటుంది. గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి బ్రేక్ ఆయిల్ కూడా కింద మైదానంలో కన్నా కాస్త ముందే మరుగుతుంది. పొద్దున చిక్కబడే ఆయిలే, మధ్యాహ్నం ఖర్దుంగ్ లా కనుమ దిగేటప్పుడు మసలకుండా ఉండాలి. ఆ రెండు పరీక్షలూ ఒకే రోజు.

ఒకసారి ఆ ఆర్మీ ఉస్తాద్‌ను అడిగాను. తేమను లాక్కునే ఆయిల్ ఎందుకు సార్, లాక్కోనిది పోయొచ్చు కదా అని. ఆయన నవ్వి, "నీళ్లు ఎలాగూ వస్తాయి, ఎక్కడ పెడతావ్?" అన్నాడు. సిలికాన్‌తో చేసే డాట్ 5 అని ఒకటి ఉంది, సాధారణంగా ఊదా రంగులో ఉంటుంది. అది తేమను తనలో కలుపుకోదు. కలవని నీళ్లు లైన్లో పల్లమున్న చోటకు, అంటే కాలిపర్ దగ్గరికి, జారి చుక్కలుగా నిలుస్తాయి. అవి ద్రాస్‌లో గడ్డకడతాయి, ఘాట్‌లో వంద డిగ్రీలకే ఆవిరవుతాయి, ఉన్నచోట తుప్పు పట్టిస్తాయి. గ్లైకాల్ ఆయిల్ ఆ నీళ్లను తాగి తనలో కలుపుకుంటుంది కాబట్టి బలం మెల్లమెల్లగా తగ్గుతుంది తప్ప ఒక్కసారిగా మోసం చేయదు. మనం చేయాల్సింది టైముకు మార్చడమే. ఆర్మీలో ప్రతి బండికీ లాగ్‌బుక్ ఉండేది, మార్చిన తేదీ రాసి ఉండేది, కాబట్టి మర్చిపోయే వీల్లేదు. ఇంటికొచ్చి సొంత బండి కొన్నాక లాగ్‌బుక్ లేదు, అడిగే సుబేదార్ లేడు.

అన్నట్టు డాట్ 5, డాట్ 5.1 ఒకటే అనుకోకండి. 5.1 గ్లైకాల్ జాతే, డాట్ 4తో కలుస్తుంది. 5 కలవదు. ఈ పేర్లు పెట్టినవాళ్లు ఎప్పుడూ షాపు కౌంటర్ దగ్గర నిలబడి ఉండరని నా అనుమానం.

మా బావమరిది బందరులో ఉంటాడు, కారు ఉంది. సముద్రం పక్కన ఏడాదంతా తేమే, అక్కడ ఉప్పు డబ్బాలో బియ్యం గింజలు వేసుకోకుండా గడవదు. మాకు వేసవి నాలుగు నెలలు పొడిగాలి, కొంత నయం. అందుకే ఆయనకు ఒకటిన్నరేళ్లకే మార్చుకోమని చెప్పాను. నేను రెండేళ్లకు మారుస్తాను. మాన్యువల్‌లో ఇంతకన్నా తక్కువ రాసి ఉంటే అదే పాటించాలి. రంగు చూసి నిర్ణయించడం నమ్మదగ్గ పద్ధతి కాదు, తేటగా ఉన్న ఆయిల్‌లోనూ తేమ ఉండొచ్చు. లైట్లు వెలిగే టెస్టర్ పెన్ను ఒకటి కొన్నాను, మూడొందలు. పచ్చ లైటు వెలిగిందని గుండె మీద చెయ్యేసుకుని పడుకోను గానీ, ఎర్ర లైటు వెలిగితే మాత్రం బండి తీయను.

ఊళ్లలో ఇంకా ఘోరాలు చూశాను. ఒకబ్బాయి తన బైకు డిస్కు బ్రేకు గిన్నెలో ఇంజన్ ఆయిల్ పోశాడు, రెండూ ఆయిలే కదా అని. పెట్రోలియం నూనె తగిలితే లోపలి రబ్బరు వాషర్లు నానిన శనగల్లా ఉబ్బుతాయి. బ్రేకు పట్టేసి వదలలేదు. ఆ పిల్లాడికి మాస్టర్ సిలిండర్ నుంచి అన్నీ మార్చాల్సి వచ్చింది. ఇంకోటి, లెవెల్ కాస్త దిగగానే నింపేయడం. ప్యాడ్లు అరిగే కొద్దీ లెవెల్ దానంతట అదే దిగుతుంది. నింపేస్తే, కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టన్లు వెనక్కి నెట్టగానే పైనుంచి పొంగి రంగు మీద పడుతుంది. వెంటనే నీళ్లతో కడగకపోతే పెయింటు పొరలుగా లేస్తుంది. నా బండి ఎడమ ఫెండర్ మీద అరచేయంత మచ్చ అలా వచ్చిందే.

ఆర్టీసీ బస్సుల సంగతి వేరు. వాటివి గాలి బ్రేకులు, ఆయిల్ లేదు. కానీ అక్కడా నీళ్లే. గాలి ట్యాంకులో చేరిన నీళ్లను రోజూ వదలాలి. లద్దాఖ్‌లో లారీలకు వాల్వులో ఆ నీళ్లు గడ్డకట్టి బ్రేకు జామైన పొద్దుళ్లు ఎన్నో.

ఇప్పుడు నేను దసరాకు మారుస్తాను. వానలు వెనకపడతాయి, ముందు కార్తీకం గిరాకీ ఉంటుంది, ఎలాగూ ఆయుధ పూజకు బండి కడిగి నిమ్మకాయలు కడతాం. ఏడాది విడిచి ఏడాది, దసరాకు రెండు రోజుల ముందు, వాన లేని రోజు చూసుకుని షెడ్డుకు పోతాను. సీలు నా ముందే తీయాలి, మిగిలింది మళ్లీ బండిలోకి రాకూడదు. షెడ్డు ఉస్తాద్‌కు ఇది పీనాసితనానికి ఉల్టా జబ్బులా కనిపిస్తుంది. మిగిలిన పావు లీటరు చూసి "పారబోస్తవా ఫౌజీ? ఎవరికన్న పోస్త లే" అంటాడు. ఆయన షెల్ఫులో మూత సగం తిరిగిన డబ్బాలు ఇప్పటికీ మూడు నాలుగు ఉంటాయి. వాటి మీద మాకు ప్రతిసారీ గొడవే.

తేదీ మాత్రం మార్కర్ పెన్నుతో రిజర్వాయర్ పక్కన రాస్తాను. మా అమ్మాయి రాసిచ్చిన స్టిక్కర్ కూడా స్టీరింగ్ పక్కన ఉంది: "2".

ఆ పెద్దమ్మ ఇప్పటికీ కార్తీకానికి నా బండే మాట్లాడుతుంది. పోయిన కార్తీకంలో ఈగలపెంట దాటగానే ఆ స్టిక్కర్ చూపించి అదేందని అడిగింది. ఇక్కడి నుంచి రెండో గేరు, పెద్దమ్మా అన్నాను. తలాడించి, వంతెన వచ్చేదాకా గేర్ రాడ్ మీంచి కళ్లు తీయలేదు.